ఇస్త్రీ చేసిన రసీదులు

మా వదిన పన్ను కాగితాలు రాసే ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి చెప్పాలంటే ముందు నా సంగతి చెప్పుకోవాలి. అది నాకు బొత్తిగా ఇష్టం లేదు. అయినా ఆవిడ ఎదురుగా కూర్చుని నిజం చెప్పడం నేర్చుకున్న పాపానికి చెబుతున్నాను.

మాది ఇస్త్రీ కొట్టు. పెట్టింది మా నాన్న, నడిపేది మా అన్నయ్య, పని చేసేది మాత్రం నేనూ వదినా. రెండు బల్లలు, రెండు పెట్టెలు. కిటికీ పక్క బల్ల వదినది, గోడ పక్క బల్ల నాది. అన్నయ్య గల్లా పెట్టె ముందు కూర్చుంటాడు. ఆ కొట్టులో కూర్చుని చేసే పని అదొక్కటే. పందొమ్మిదేళ్ళు నేనూ ఆవిడా అలా పక్కపక్కన నిలబడే బతికాం. నా పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే నేను ఇస్త్రీ పెట్టె ఎత్తేదాన్ని. వదిన నవ్వి ఊరుకునేది. వచ్చిన చొక్కాల గురించీ, ఆ చొక్కాలు తొడిగే మనుషుల గురించీ మేం చెప్పుకున్న కబుర్లకు లెక్కే లేదు.

కొట్టు పన్ను కాగితం ఏటా వదినే రాసేది. అన్నయ్య కింద సంతకం గీకి, తనే రాసినట్టు వీధంతా చెప్పుకునేవాడు. వీధి మాత్రం అంత అమాయకంగా లేదు. ఎదురు వరసలో బట్టలు కుట్టే ఆయన, మూలనున్న తాళాలాయన తమ కాగితాలు పట్టుకుని తిన్నగా కిటికీ దగ్గరికే వచ్చేవారు. "అమ్మా, ఈ అంకె ఏ గడిలో వెయ్యాలి?" అనేవారు. వదిన ఒక చేత్తో కాలరు నొక్కుతూ రెండో చేత్తో గడి చూపించేది. ఊరికే. ఒక్కరూ పైసా ఇచ్చిన పాపాన పోలేదు.

నలభై రెండో ఏట ఆవిడకు పరీక్ష రాయాలని బుద్ధి పుట్టింది. రాసి నెగ్గితే సర్కారు ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబరున్నవాళ్ళే ఇతరుల పన్ను కాగితాలు తయారుచేసి, కింద తమ సంతకం పెట్టాలి. ఆవిడ నియమాలన్నీ కాగితాల మీద రాసి కిటికీ పక్క గోడకు అంటించింది. ఆవిరికి అవి ఉబ్బి, అంచులు లేచి వేలాడేవి. దుప్పట్లు మడుస్తూ వల్లె వేసేది. "ఏం వదినా, ఈ పరదాకి పన్నెంత?" అని నేను ఏడిపించేదాన్ని. మొదటిసారి నాలుగు మార్కుల్లో పోయింది. ఆ వేళ అన్నయ్య ఆవిడతో చాలా ప్రేమగా మాట్లాడాడు. మూడో ఏట నెగ్గేసరికి ఆ ప్రేమ ఎక్కడికో పోయింది.

నంబరు కార్డు వచ్చిన రోజు వదిన దాన్ని నాకు మూడుసార్లు చూపించింది. ఏడంకెలు. అన్నయ్య తిప్పి చూసి, "సరే, బాగుంది. ఆ దుప్పట్లు సాయంత్రానికి కావాలన్నారు, మర్చిపోకు" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మండిందెవరి మీదో మాత్రం అప్పుడు తేల్చుకోలేకపోయాను. వదిన మీద కూడా కొంత మండింది. అది ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

ఆవిడ చేరిన ఆఫీసు రెండు వీధుల అవతల, కళ్ళద్దాల కొట్టు పైన. దాని యజమానిని అందరూ అర్ధగంట సారంటారు. వచ్చినవాడు ఎవడైనా సరే, ఎంత లెక్కయినా సరే, అర్ధగంటలో లేపి పంపాలని ఆయన పట్టుదల. చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టుకునే కూర్చుంటాడు. పని ఉండేది ఏడాదికి మూడు నెలలే. ఆ మూడు నెలల్లో ఎవరైతే తమంతట తాము పదిమందిని తెచ్చి, ఆఖరి తేదీలోపు వాళ్ళ కాగితాలు పంపిస్తారో వాళ్ళకు ఒక బల్ల, ఏడాది పొడుగునా జీతం. లేకపోతే "మళ్ళీ ఏడాది చూద్దాం." ఉన్నది ఒక్కటే బల్ల. కొత్తగా చేరినవాళ్ళు ఇద్దరు, వదినా, రిటైరైన ఒక బడి మాస్టారూ. మాస్టారికి పాత శిష్యులే వందలమంది. వదినకున్నది మా వీధి.

అంతవరకూ ఆవిడకిచ్చింది తలుపు వెనక ఒక మడత కుర్చీ. తలుపు తెరిచిన ప్రతిసారీ అంచు వచ్చి ఆవిడ మోకాలికి కొట్టుకునేది. పందొమ్మిదేళ్ళు నిలబడ్డ మనిషికి ఎట్టకేలకు కుర్చీ దొరికితే అదీ ఇలాంటిది.

ఊరికే రాయించుకున్న వీధి మొత్తం ఇప్పుడు రుసుము అనేసరికి మొహం చాటేసింది. తాళాలాయన వచ్చాడు కానీ ఒక్క కాగితమూ తేలేదు. "నువ్వే రాసేసుకోమ్మా, నా సంగతి నీకు తెలియందేముంది" అన్నాడు. బట్టలు కుట్టే ఆయన భార్యను వెంటబెట్టుకొచ్చి, ఆవిడ ముందు సంపాదన ఎంతో చెప్పనని భీష్మించుకు కూర్చున్నాడు. చివరికి ఆవిడను కింద కళ్ళద్దాలు చూడమని పంపితే, ఆ పావుగంటలో ఆవిడ కళ్ళద్దాలు కొనేసింది. ఆయన ఆ ఖర్చు కూడా వదిన మీదే వేశాడు. ఇలా ఒక్కొక్కరినీ బతిమాలి, బుజ్జగించి, తొమ్మిదిమందిని పూర్తి చేసింది. అప్పటికి ఆఖరి తేదీకి ఇంకా పన్నెండు రోజులుంది. పదోవాడు ప్లంబరు.

ఆయన ఏడాది రసీదులన్నీ పనిముట్ల సంచీలోనే దాచుకున్నాడు, పానాల కింద, పైపు ముక్కల మధ్య. "ఒక్కటి కూడా పోనివ్వలేదు మేడం, చూసుకోండి" అని సంచీ బోర్లించాడు. తడిసి, నలిగి, ఉండలు చుట్టుకుపోయిన నూట నలభై మూడు కాగితాలు. పైపులూ కుళాయిలూ కొన్న రసీదులవి. అవి చూపిస్తేనే ఆ డబ్బు ఖర్చు కింద పోయి, మిగిలినదాని మీద పన్ను పడుతుంది. చూపించకపోతే పైపుల డబ్బు కూడా ఆయన లాభమే అన్నట్టు పన్ను కట్టాలి. ఆ ఏడాది ఆయనకు పని బాగా దొరికింది. అందుకే భయమూ ఎక్కువే.

మడత కుర్చీ దగ్గర కాగితం ఆరబెట్టే చోటెక్కడిది? వదిన వాటిని కొట్టుకు తెచ్చింది. మూడు నెలలుగా ఖాళీగా ఉన్న తన బల్ల మీద పాత దుప్పటి పరిచి, ఒక్కొక్క ఉండా గోళ్ళతో విప్పి, వరసలుగా పేర్చింది. పైన ఇంకో దుప్పటి కప్పి, కదలకుండా నాలుగు మూలలా బరువులు పెట్టింది. "ముట్టుకోకు అమ్మాయ్. వాటంతటవే ఆరాలి. రేపు పొద్దున్నే కూర్చుని రాసుకుంటా" అంది. ఒక గంటలో వస్తానని ఆఫీసుకు వెళ్ళింది.

మిట్టమధ్యాహ్నం. మూడు నెలలుగా ఇద్దరి పని నేనొక్కదాన్నే చేస్తున్నాను. మనిషిని పెట్టమంటే అన్నయ్య "చూద్దాం" అంటాడు. నా బల్ల మీద చొక్కాల గుట్ట, ఆవిడ బల్ల మీద ఎవడిదో తడి చెత్త. ఏదో ఒక గంట కిటికీ పక్కన నిలబడి నాతో మాట్లాడిపోదామని కూడా లేదు ఈ మనిషికి, అనుకున్నాను. ఆరబెట్టడం, రేపటిదాకా ఆగడం, ఇదంతా ఎందుకు? నలిగినదాన్ని సాపు చెయ్యడం నాకంటే బాగా ఎవరికొచ్చు? బరువులు తీసేశాను. పెట్టె వేడెక్కించి, పైనున్న దుప్పటి మీంచి ఈ చివర్నించి ఆ చివరికి నాలుగుసార్లు గట్టిగా నడిపాను. ఆవిరి బుస్సున లేచింది. నాకు తృప్తిగా ఉంది.

దుప్పటి తీసి చూస్తే అన్నీ నల్లగా ఉన్నాయి.

మిషన్లోంచి వచ్చే ఆ పలచటి రసీదుల మీద సిరా ఉండదట. వేడి తగిలిన చోటల్లా కాగితమే నల్లబడి అక్షరం అవుతుందట. కాగితమంతా వేడి తగిలితే కాగితమంతా అక్షరమే. ఇరవై ఏళ్ళుగా ఏ గుడ్డకు ఎంత వేడో వేలితో చెప్పగలను. కాగితం సంగతి నాకెవరు చెప్పారు? చేత్తో రాసిన పన్నెండు మాత్రం మిగిలాయి. నూట ముప్పై ఒకటి తళతళలాడుతూ, మడత లేకుండా, నల్లగా నా ముందు పడుకున్నాయి.

వదిన వచ్చింది. చూసింది. "పెట్టె పెట్టావా?" అంది. "కొంచెం వెచ్చబెట్టాను" అన్నాను. తిట్టలేదు. ఒక రసీదు తీసి కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూసింది. ఇంకొకటి చూసింది. అలా పదిహేను చూసి నేల మీద కూలబడింది. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలని తేలికపడేదాన్ని.

సరిగ్గా అప్పుడే అన్నయ్య లోపలికొచ్చాడు. ఆవిడ బల్ల, దాని మీద నల్ల కాగితాలు, పక్కన ఆవిడ. "అలవాటెక్కడికి పోతుందిలే, కాగితాలు కూడా ఇస్త్రీ చేసేశావా?" అని పగలబడి నవ్వాడు. వదిన నావైపు ఒకసారి చూసింది. నాకు చెప్పడానికి అంత టైమిచ్చింది. నేను తేలు కుట్టిన దొంగలా చొక్కా బొత్తాలు సవరిస్తూ నిలబడ్డాను. ఆవిడ లేచి కాగితాలు ఏరుకుంది.

సాయంత్రానికి వీధికి, మర్నాటికి ఆఫీసుకు ఆ జోకు పాకింది. అక్కడ ఆవిడ "మా కొట్లో వేడి తగిలి పాడయ్యాయి సార్" అని మాత్రమే చెప్పింది. ఎవరి చేత్తో అన్నది ఎవరూ అడగలేదు. అడిగే అవసరం వాళ్ళకు కనబడలేదు. ఇస్త్రీ మేడం అని పేరు పెట్టారు. ఈ పేరు సంగతి నాకు ఆవిడ చెప్పలేదు, అన్నయ్య చెప్పాడు, మళ్ళీ నవ్వుతూ.

"దీనికింత ఏడుపెందుకమ్మా? గతేడాది అంకె తీసుకోండి, కాస్త కలపండి, వేసెయ్యండి. అర్ధగంట పని" అన్నాడట అర్ధగంట సారు.

"ఆధారం లేదు సార్."

"అడిగేదెవరు?"

"కింద నా నంబరుంటుంది సార్."

"అందరి నంబరూ ఉంటుందమ్మా. మేమేమన్నా చచ్చిపోయామా?"

ప్లంబరు అయితే గుండెలు బాదుకున్నాడు. "ఏడాదంతా నీళ్ళల్లో నానినా ఏం కాలేదే మేడం! మీ చేతికిచ్చిన పూటకే మాడ్చేశారే!" అన్నాడట. కాసేపటికి తేరుకుని ఆయన కూడా అదే పాట పాడాడు. ఏదో ఒక అంకె వేసేస్తే తనకేం అభ్యంతరం లేదన్నాడు. ఖర్చు మొత్తం చూపించకపోతే మాత్రం కాగితాలు పట్టుకుని మాస్టారి దగ్గరికి పోతానన్నాడు. మాస్టారు అదే గదిలో, నాలుగడుగుల దూరంలో కూర్చుని ఉన్నారు.

"పోగొట్టినవి నేను తెచ్చిపెడతాను. మీరు నాతో రండి, చాలు" అంది వదిన.

అక్కణ్నించి మొదలైంది ఆవిడ తిరుగుడు. పొద్దున్నే ఆఫీసు తెరవకముందు కొన్ని కొట్లు, మధ్యాహ్నం భోజనం వేళకు కొన్ని ఇళ్ళు. పైపుల కొట్లు నాలుగు. ఒకచోట కంప్యూటర్లో మూడు నెలలవి తప్ప ఉండవన్నారు. ఇంకోచోట పెద్ద కొడుకు వచ్చాక రమ్మన్నారు. పెద్ద కొడుకొచ్చాక చిన్న కొడుకునడగమన్నాడు. మూడోచోట యజమాని, "రోజుకి రెండొందలమంది వస్తారు. ఈయన కొన్న మూడు వాషర్లు నాకెలా గుర్తుంటాయమ్మా?" అని చేతులెత్తేశాడు. నాలుగో కొట్టు ఆవిడొకతే పుణ్యం కట్టుకుని పాత పుస్తకాలన్నీ దింపి ముందు పడేసింది.

దొరకని వాటికి ఇళ్ళు పట్టుకున్నారు. ప్లంబరుకు తేదీలు గుర్తుండవు కానీ కారిన చోటు ఒక్కటీ మర్చిపోడు. "పచ్చ తలుపు ఇల్లు, మూడో అంతస్తు, సింకు కింద. కుక్క కరవబోయింది" అనేవాడు. ఆ ఇంటికి వెళ్ళి, అక్కడ బిగించిన కుళాయి చూసి, ఏ నెల్లో వేయించారో అడిగి, ఇంటివాళ్ళ చేత సంతకం పెట్టించుకునేది వదిన. ఒకావిడ అటక మీది తొట్టి కూడా బాగుచేస్తేనే సంతకం పెడతానంది. ఆయన గంటన్నర ఊరికే పనిచేశాడు. వదిన కింద నిచ్చెన పట్టుకుంది. ఇంకొకాయన తనకూ పన్నువాళ్ళకూ పడదని తలుపే తియ్యలేదు.

ఆవిడ ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే నేను అడిగేదాన్ని, "ఎన్నయ్యాయి?"

"యాభై రెండు."

మూడు రోజులకు "డెబ్భై ఎనిమిది." తరవాత "తొంభై." మడమలు పగిలి నెత్తురొచ్చింది. నేను వేడినీళ్ళు పెట్టి ఇచ్చేదాన్ని. తప్పు చేసింది నేను, తిరుగుతున్నది ఆవిడ, నవ్వుతున్నది లోకం. ఇంత చేసి నాకు కోపం మాత్రం ఆవిడ మీదే వచ్చేది. ఎందుకు చెప్పదు? ఒక్కసారి అన్నయ్య ముందు నా పేరు చెబితే ఏం పోయింది? చెప్పమని నేనెందుకు అడగాలి? ఇలా నాలో నేనే పోట్లాడుకుంటూ రెండు చొక్కాలు కాల్చాను.

ఆఖరి తేదీకి తొంభై ఆరు దొరికాయి. ముప్పై అయిదు దొరకలేదు. ఆ రోజు పొద్దున వదిన గోడకు అంటించిన నియమాల్లో ఒక కాగితం పీకి నా బల్ల మీద పెట్టింది. రసీదులు ప్రమాదవశాత్తూ పాడైతే దానికో పత్రం ఉంది. పాడుచేసిన మనిషి ఎప్పుడు, ఎలా, ఎందుకు అన్నది చెప్పి సంతకం పెట్టాలి. అది జతచేస్తే ఆ ఖర్చు ఒప్పుకోవాలో లేదో పై అధికారి చూస్తాడు.

"నేను చేశానని నేను రాయలేను అమ్మాయ్. అబద్ధపు అంకె వెయ్యనని పదకొండు రోజులు తిరిగి, చివర్లో అబద్ధపు పేరు ఎలా వేస్తాను? నీ పేరు నువ్వు చెప్తేనే రాస్తాను. అయిదింటికి పంపించడం ఆపేస్తారు" అంది.

"నేను రాకపోతే?"

"ఆ ముప్పై అయిదూ వదిలేసి పంపాలి. ఆయన మాస్టారి దగ్గరికి పోతాడు. నాకు తొమ్మిదే."

అంతే అని వెళ్ళిపోయింది. అన్నయ్యకు అప్పుడు చెప్పక తప్పలేదు, చెప్పాను. ఆయన నవ్వలేదు. "కొట్టు పేరు సర్కారు కాగితం మీద పడకూడదు. కస్టమరు సామాను కాల్చేశాం అని రాసిచ్చిన కొట్టుకి బట్టలెవరిస్తారు?" అన్నాడు. మాట సబబుగానే ఉంది. నాకూ అదే సాకు కావాలి. అసలు సంగతి నా కడుపులో ఉంది. నేను సంతకం పెడితే ఆవిడకు బల్ల వస్తుంది. బల్ల వస్తే ఈ కిటికీ దగ్గరికి ఇక ఎప్పటికీ రాదు. పెట్టకపోతే వచ్చే వారం ఈపాటికి నా పక్కన నిలబడి కాలర్లు నొక్కుతూ ఉంటుంది.

మూడున్నర దాకా చొక్కాలు నొక్కాను. ఆ తరవాత పెట్టె ఆపి, ప్లగ్గు పీకి, అన్నయ్య పిలుస్తున్నా వినకుండా బయటపడ్డాను.

ఆ ఆఫీసు మెట్లెక్కడం అదే మొదలు. తలుపు తోశాను. అది వెళ్ళి ఆవిడ మోకాలికి తగిలింది. ఎదురుగా ప్లంబరు చేతులు కట్టుకుని, ఎప్పుడు లేద్దామా అన్నట్టు కుర్చీ అంచున కూర్చున్నాడు. వదిన నన్ను చూసి నవ్వలేదు. ఇంకో కుర్చీ చూపించి, "కూర్చోండి" అంది.

పందొమ్మిదేళ్ళలో ఆవిడ నన్ను మీరు అనడం అదే మొదలు, అదే ఆఖరు. పత్రం ముందు పెట్టుకుంది. పేరు అడిగింది. పని అడిగింది. ఇస్త్రీ అని చెప్పాను. ఏ రోజు, ఎన్ని గంటలకు, పైన గుడ్డ ఉందా లేదా, వేడి ఎంత పెట్టారు, ఎన్నిసార్లు నడిపారు. ముట్టుకోవద్దని ముందుగా ఎవరైనా చెప్పారా? చెప్పారన్నాను. అన్నీ నేనన్న మాటల్లోనే రాసుకుంది. ప్లంబరు కట్టుకున్న చేతులు విప్పి, నోరు తెరుచుకుని నావైపే చూస్తున్నాడు.

"ఎందుకు చేశారు?"

"సాయం చేద్దామని" అన్నాను.

ఆవిడ కలం కదల్లేదు. తాళాలాయన నోటికొచ్చిన అంకె చెప్పినప్పుడు కిటికీ దగ్గర ఆవిడ మొహం ఎలా ఉండేదో నాకు బాగా గుర్తు. ఇప్పుడూ అలాగే ఉంది.

"సరిగ్గా చెప్పు" అంది.

అర్ధగంట సారు గడియారం చప్పుడు వినబడుతోంది. మాస్టారు రాయడం ఆపేశారు. ఇంతమంది ముందు నాకు ఏడుపొచ్చింది. ఏడుపు కంటే ముందు కోపమొచ్చింది.

"కోపంతో చేశాను. చాలా? నువ్వు కొట్టు వదిలేసి పోతున్నావని కోపం. నువ్వెక్కడికి పోయినా నీ కాగితాలు నా పెట్టె కిందకి రావాల్సిందే అని చూపిద్దామని చేశాను. రాసుకో!" అని అరిచాను.

"రాస్తున్నా" అంది వదిన. తలొంచుకుని ఒక్కొక్క మాటే రాసింది. 'వదిన కొట్టు వదిలి వెళ్ళిపోతోందన్న కోపంతో.' మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నేను సంతకం పెట్టాను. దాని కింద ఆవిడ తన సంతకం పెట్టి, ఏడంకెల నంబరు వేసింది.

అర్ధగంట సారు ఆ పత్రం చదివి నుదురు కొట్టుకున్నాడు. "పన్ను కాగితంలో కోపం ఏంటమ్మా? పొరపాటున అని రాయొచ్చుగా!" అన్నాడు.

"పొరపాటున కాదంటోంది కదా సార్."

"మా ఆఫీసు పేరు మీద నేనిది పంపను."

"నా పేరు మీద పంపండి సార్. నంబరూ నాదే."

ఆయన గడియారం చూశాడు. అయిదుకు పది. పదోది వెళ్ళింది. ప్లంబరు లేచి నిలబడి, నాకు దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇక్కడితో కథ సుఖాంతమైతే నేనింత చిరాగ్గా చెప్పేదాన్ని కాదు. మర్నాడు అర్ధగంట సారు లెక్క చూశాడు. తొమ్మిది వెళ్ళిపోయాయి, ఒకటి విచారణలో ఉంది, విచారణలో ఉన్నది పంపినట్టు కాదు అన్నాడు. ఈ నియమం అప్పటిదాకా ఎవరూ వినలేదు. బల్ల మాస్టారికిచ్చారు. నేను చెప్పులేసుకుని పోట్లాటకు బయల్దేరితే వదిన చెయ్యి పట్టి ఆపింది. "నీ కోపం ఒకసారి ఫైల్లోకెక్కింది, చాల్లే" అంది. కిటికీ పక్క బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. నేను కోరుకున్నదే జరిగింది. ఒక్క రోజు కూడా నాకు సంతోషం లేదు. ఆవిడ కాలరు నొక్కుతున్న చప్పుడు వింటుంటే ఆ పక్కన నిలబడాలనిపించేది కాదు.

ఏడు నెలల తరవాత నా పేరు మీద ఉత్తరం వచ్చింది. వదినే చదివింది. 'మీరు తెలిపిన కారణం పరిశీలించి ఆమోదించడమైనది.' ముప్పై అయిదు రసీదులూ ఒప్పుకున్నారు. అన్నయ్య మాత్రం, "కోపాన్ని కూడా ఆమోదిస్తారా వీళ్ళు!" అని వారం రోజులు గొణిగాడు. కొట్టుకు రావాల్సిన బట్టలు ఒక్కటీ తగ్గలేదు. ఆ ఉత్తరం, ఆ పత్రం పట్టుకుని వదిన వంతెన అవతల ఇంకో ఆఫీసుకు వెళ్ళింది. వాళ్ళు అరగంట కాదు, గంటసేపు చదివి బల్ల ఇచ్చారు. అలా నా సంతకంతోనే వెళ్ళిపోయింది. గోడకున్న నియమాలు ఊడదీస్తే సున్నం కూడా లేచొచ్చింది.

ఈ ఏడాది అన్నయ్య నాకు జీతం లెక్కగట్టి ఇచ్చాడు. అది ఇప్పించింది కూడా ఆవిడే. అందుకని మొదటిసారి నా కాగితం వేయించుకోవడానికి వంతెన దాటి వెళ్ళాను. ఆవిడ బల్ల కిటికీ పక్కనే ఉంది. మంచినీళ్ళిచ్చి, వరసగా అడగడం మొదలుపెట్టింది. సొంత ఇల్లుందా? లేదు. వేరే సంపాదన? లేదు.

"నువ్వు ఎవరిమీదైనా ఆధారపడి ఉన్నావా?"

"లేను" అన్నాను.

ఆవిడ కలం కదల్లేదు.

"ఏంటి? జీతం తీసుకుంటున్నాగా! లేనని రాసుకో" అన్నాను.

"సరిగ్గా చెప్పు అమ్మాయ్" అంది, కాగితం మీంచి తలెత్తకుండానే.

నేను కిటికీలోంచి బయటికి చూశాను. వెనక ఇంకో ముగ్గురు కవర్లు పట్టుకుని వరసలో కూర్చున్నారు. వాళ్ళందరి ముందూ మళ్ళీ అరవడం నాకిష్టం లేదు.

"ఉన్నాను" అన్నాను.

"డబ్బు సంగతి అడుగుతున్నా" అంది వదిన. అప్పుడు తలెత్తి నావైపు చూసింది. ఆ గడిలో 'లేదు' అని రాసి, కాగితం నావైపు తిప్పి, సంతకం ఎక్కడ పెట్టాలో వేలితో చూపించింది. ఆ వేలు అక్కణ్నించి తియ్యడానికి చాలాసేపు పట్టింది.